‘మీద’ నుంచి ‘తో’ వరకు: ఇంగ్లండు ఆరోగ్య పరిశోధనలో ప్రజా భాగస్వామ్య సేవపై ఒక రోగి సమీక్ష

నాకున్నది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్ళ జబ్బు అని డాక్టరు చెప్పి పదకొండేళ్ళయింది. ఇంగ్లండులో నేను ఉండే ఊరి ఆసుపత్రిలో, రక్తపరీక్షకు పిలుపు వచ్చేదాకా కూర్చునే కుర్చీల ఎదుట గోడకు ఒక కాగితం అంటించి ఉండేది. పరిశోధకులకు మీ అనుభవం కావాలి, వైద్యం తెలియనక్కరలేదు అని దాని సారాంశం. కొత్త మందులను మనుషుల మీద పరీక్షించడానికి పిలుస్తున్నారేమోనన్న భయంతో చాలా కాలం దాని వంక చూడలేదు. అది వేరే సంగతి అని ఒక నర్సు ఓపికగా చెప్పిన తరువాత చేరాను. ఈ ఆరేళ్ళలో నాలుగు పరిశోధన బృందాలతో కూర్చున్నాను, పదుల కొద్దీ పత్రాలు చదివాను, ఒకచోట నిజంగా పనికి వచ్చాననీ మరొకచోట కేవలం పేరుకే ఉన్నాననీ తెలుసుకున్నాను. హోటళ్ళకూ ఫోన్లకూ సమీక్షలు రాసుకునే మనం, మన ఒంటి మీద ప్రయోగించబోయే మందుల గురించి ఏ ప్రశ్న అడగాలో నిర్ణయించే చోట మనకు ఇచ్చే కుర్చీ ఎలాంటిదో కూడా రాసుకోవాలని అనిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా నేను సమీక్షిస్తున్నది ఏమిటో స్పష్టం చేయాలి. ఇంగ్లండులో ప్రభుత్వ ధనంతో ఆరోగ్య పరిశోధనకు నిధులిచ్చే ప్రధాన సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హెల్త్ అండ్ కేర్ రీసెర్చ్. ఎన్‌ఐహెచ్‌ఆర్ అంటే ఇక్కడ అందరికీ తెలుస్తుంది. 2006లో ఏర్పడిన ఈ సంస్థ, తన నిధులతో జరిగే పరిశోధనల్లో రోగులనూ సామాన్య ప్రజలనూ ఆలోచనదశ నుంచే కలుపుకోవాలని కోరుతుంది. ఈ ఆలోచన సంస్థ కన్నా పాతది. 1996లోనే ప్రభుత్వం దీనికోసం ఒక సలహా బృందాన్ని నియమించింది, అది తరువాత ఇన్‌వాల్వ్ అన్న పేరుతో చాలా కాలం పనిచేసింది. ఆ ఇన్‌వాల్వ్ ఇచ్చిన నిర్వచనం తెలుగు చదువుకున్నవారికి ఎవరికన్నా బాగా అర్థమవుతుందని నా నమ్మకం, ఎందుకంటే అందులో ఉన్నదంతా విభక్తుల తేడాయే. ప్రజల మీద, ప్రజల గురించి, ప్రజల కోసం చేసే పరిశోధన ఒకటి. ప్రజలతో కలిసి, లేదా ప్రజల చేత జరిగే పరిశోధన మరొకటి. ఈ రెండోదే భాగస్వామ్యం. మందు పరీక్షలో పేరు నమోదు చేసుకుని మాత్రలు మింగడం, రక్తం ఇవ్వడం దీని కిందికి రావు. దాన్ని ఇక్కడ పాల్గొనడం అని వేరుగా పిలుస్తారు. భాగస్వామిగా మీరు చేసేది పరిశోధకుడి పక్కన కూర్చుని, ఈ ప్రశ్న అడగదగినదేనా, ఈ పద్ధతిని రోగి భరించగలడా, ఈ ఉత్తరం చదివితే ఎవరికైనా అర్థమవుతుందా అని చెప్పడం.

చేరడం కష్టం కాదు. నేను చేరిన నాటికి పీపుల్ ఇన్ రీసెర్చ్ అనే వెబ్‌సైటులో అవకాశాల ప్రకటనలు ఉండేవి: ఏ జబ్బు, ఎన్ని సమావేశాలు, ఎంత చదవాలి, ఎంత చెల్లిస్తారు అన్న వివరాలతో. ఆసుపత్రులూ విశ్వవిద్యాలయాలూ సొంతంగా నడిపే బృందాలు వేరే ఉన్నాయి. డిగ్రీలు అడగరు. జబ్బు ఉన్నవారో, వారిని చూసుకునే ఇంటివారో అయితే చాలు. దరఖాస్తులో నేను రాసింది ఒక్క పేజీ. అందులో సగం, పొద్దున లేచి చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడానికి నా వేళ్ళు ఎంతసేపు సహకరించవో చెప్పడానికే సరిపోయింది. అదే వాళ్ళకు కావలసిన అర్హత అని తరువాత తెలిసింది.

డబ్బు విషయం మనవాళ్ళు మొహమాటపడి అడగరు కనుక నేనే చెబుతాను. ఎన్‌ఐహెచ్‌ఆర్ మార్గదర్శకాల్లో నేను చూసిన రేట్లు గంటకు 25 పౌండ్లు, పూటకు 75, రోజంతటికి 150. రానుపోను ఖర్చులూ, అవసరమైతే ఇంట్లో పెద్దలనో పిల్లలనో చూసుకునే మనిషికయ్యే ఖర్చూ వేరు. ఇది జీతం కాదు, సమయానికి ఇచ్చే గౌరవం. అయినా ఇది లేకపోతే ఆ బల్ల దగ్గరకు ఉద్యోగ విరమణ చేసిన స్థితిమంతులు తప్ప ఎవరూ రాలేరు కనుక ఈ సేవలోని ముఖ్యమైన మంచి అంశాల్లో దీన్ని ఒకటిగా లెక్కిస్తాను. ఈ సొమ్ము పన్ను లెక్కలోకి రావచ్చు, ప్రభుత్వ భృతి పొందేవారికి ఆ భృతిపై ప్రభావం ఉండవచ్చు. అందుకోసం ఒక ఉచిత సలహా సేవను కూడా ఏర్పాటు చేశారు. వీసా మీద ఉన్న మనవాళ్ళు మాత్రం సొమ్ము తీసుకునే ముందు తమ వీసా షరతులను తప్పక చూసుకోవాలి. సొమ్ము వద్దని చెప్పే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది.

ఇక పని. మొదటి బృందంలో మాకు ఇచ్చింది ఒక కొత్త చికిత్సా విధానాన్ని పరీక్షించే అధ్యయనపు ముసాయిదా. అందులో పాల్గొనే రోగులు పన్నెండు వారాల పాటు ప్రతి వారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆసుపత్రికి రావాలని రాసి ఉంది. ఆ వాక్యం చదివి బల్ల చుట్టూ ఉన్న ఆరుగురు రోగులమూ ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మా జబ్బు అసలు లక్షణమే పొద్దున కీళ్ళు బిగుసుకుపోవడం. లేచిన గంటన్నర దాకా తలుపు గడియ కూడా తీయలేని రోజులుంటాయి. ఉదయమే ఎందుకు, ఖాళీ కడుపుతో చేసే పరీక్ష ఏమైనా ఉందా అని అడిగితే, అలాంటిదేమీ లేదు, నర్సు డ్యూటీ ఆ వేళకు మొదలవుతుంది కనుక అలా రాశామని పరిశోధకురాలు చెప్పింది. ఆమె అక్కడికక్కడే ఆ గీత కొట్టివేసి పదకొండు గంటల తరువాత అని రాసింది. పైకి చిన్న మార్పుగానే కనిపిస్తుంది కానీ, ఆ వేళ మారకపోతే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళు మధ్యలోనే మానుకునేవాళ్ళు, తేలికగా ఉన్నవాళ్ళే చివరిదాకా మిగిలేవాళ్ళు, అప్పుడు వచ్చే ఫలితం ఎవరిదని చెప్పగలం? అదే పత్రంలో ‘మందు విషయంలో విఫలమైన రోగులు’ అన్న అర్థం వచ్చే మాట ఒకటుంది. విఫలమైంది మందు, మేము కాదు అని మాలో ఒక పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. దాన్నీ మార్చారు.

ఈ సేవ విలువ ఎంతో నాకు తెలియజెప్పిన అసలు ఉదాహరణ మాత్రం నేను చేరడానికి చాలా ముందు జరిగింది. మా జబ్బుకు మందులను పరీక్షించేటప్పుడు ఏమేమి కొలవాలన్నది 1990ల తొలినాళ్ళలో నిపుణులు ఒక అంగీకారానికి వచ్చి నిర్ణయించారు. నొప్పి ఉన్న కీళ్ళెన్ని, వాచిన కీళ్ళెన్ని, రక్తంలో వాపు సూచిక ఎంత, రోగి రోజువారీ పనులు ఎంత చేసుకోగలుగుతున్నాడు వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఆ కొలతలపై ఎప్పటికప్పుడు చర్చించే ఒమెరాక్ట్ అనే అంతర్జాతీయ నిపుణుల వేదిక 2002లో ఆస్ట్రేలియాలో జరిగినప్పుడు, మొట్టమొదటిసారి కొందరు రోగులను కూడా చర్చలకు పిలిచింది. తమను అన్నిటికన్నా కుంగదీసేవాటిలో ఒకటి జాబితాలోనే లేదని ఆ రోగులు చెప్పారు. ఒంట్లో బలమే లేనట్టుండే ఆ స్థితిని ఇంగ్లీషులో ఫటీగ్ అంటారు. ప్రతి క్లినిక్కులోనూ ప్రతి రోగీ ఏదో ఒక రూపంలో చెప్పిన మాటే అది. కానీ కొలతల పట్టికలో గడి లేదు కనుక ఎక్కడా లెక్కకు రాలేదు. 2006 నాటికి, ఈ జబ్బు మీద జరిగే అధ్యయనాలు దాన్ని కూడా కొలవాలని అదే వేదిక సిఫారసు చేసింది. తరువాత బ్రిస్టల్‌లోని పరిశోధకులు రోగులతో కలిసి దాన్ని కొలిచే ప్రశ్నావళిని తయారుచేశారు. ఆ దారిలోనే, రుమటాలజీ నర్సులూ ఆక్యుపేషనల్ థెరపిస్టులూ బృందాలుగా రోగులకు ఇచ్చే ఒక శిక్షణ ఆ బాధను తగ్గిస్తుందా అని రాఫ్ట్ అనే పరీక్ష ఎన్‌ఐహెచ్‌ఆర్ నిధులతో జరిగింది. తగ్గిస్తుందని 2019లో ఫలితం వెలువడింది. ఒక గదిలో కొందరు రోగులు నోరు విప్పినందుకు, పదిహేడేళ్ళకు ఒక చికిత్స ఆసుపత్రికి చేరింది. నెమ్మదిగా జరిగిందని నొచ్చుకుంటాను. జరిగిందని మాత్రం మరచిపోలేను, ఎందుకంటే నన్ను ఇప్పుడు డాక్టరు ‘ఒంట్లో సత్తువ ఎలా ఉంది’ అని అడిగే ప్రశ్న వెనుక ఆ రోగులు ఉన్నారు.

సత్తువ అన్న మాట ఊరికే వాడలేదు. నేను పనిచేసిన మూడో బృందం, ఈ ప్రాంతంలో ఉండే దక్షిణాసియా రోగుల కోసం ఒక ప్రశ్నావళిని కొన్ని భాషల్లోకి తెస్తూ తెలుగును కూడా చేర్చింది. వృత్తి అనువాదకులు ఇచ్చిన తెలుగు ప్రతిలో ఫటీగ్ అన్నచోటల్లా ‘అలసట’ అని ఉంది. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. కానీ తెలుగు ఇంట్లో అలసట పని చేస్తే వస్తుంది, కాసేపు నడుం వాలిస్తే పోతుంది. ‘నీరసం’ అందామా అంటే అది తిండి లేకనో జ్వరం వచ్చి తగ్గాకనో వచ్చేది, నాలుగు ముద్దలు తింటే తేరుకునేది. ఏ పనీ చేయకుండా, కడుపునిండా తిని, రాత్రంతా పడుకుని లేచినా ఒంట్లో నుంచి ఎవరో బలమంతా తోడేసినట్టు ఉండే స్థితికి మా అమ్మ వాడే మాట ‘నిస్సత్తువ’. మంచంలోంచి కాలు కింద పెట్టలేని రోజున ఆమె ‘ఒంట్లో సత్తువ లేదే’ అనేది తప్ప అలసిపోయానని ఎన్నడూ అనలేదు. నేను ఈ తేడా చెప్పినప్పుడు బృందం నాయకుడు పది నిమిషాలు తన ప్రశ్నలన్నీ పక్కన పెట్టి రాసుకున్నారు. తరువాత ఊళ్ళో ఉన్న తెలుగు రోగులు మరో ఐదుగురి చేత ఆ రెండు ప్రతులనూ చదివించారు. ఐదుగురూ ‘నిస్సత్తువ’ అన్న ప్రతినే ఎంచుకున్నారు.

అక్కడే ఇంకొకటి బయటపడింది. సున్నా నుంచి పది దాకా మీ నిస్సత్తువకు ఎన్ని మార్కులు వేస్తారు అన్న ప్రశ్నకు, ఉగాది వేడుకలో నేను కలిసి మాట్లాడిన ఒక పెద్దావిడ ఏ అంకె చెప్పాలో తోచక అయోమయంగా చూశారు. మామూలుగా మాట్లాడండి అత్తయ్యగారూ, పోయిన నెల మీద ఇప్పుడెలా ఉంది అని అడగగానే, ‘రూపాయికి పావలా వంతు తగ్గిందమ్మా’ అన్నారు. ఆవిడ దగ్గర కొలత ఉంది, ఆ కాగితం మీద లేనిదల్లా ఆవిడ కొలబద్దే. ప్రశ్నావళిలోని అంకెలు మార్చే వీలు లేదు, అది అన్ని భాషల్లోనూ ఒక్కటిగా ఉండాలి. కానీ ప్రశ్నను పైకి చదివి వినిపించే నర్సుల కోసం రాసిన సూచనల్లో రూపాయి, అర్ధ, పావలా లెక్కను చేర్చారు. పరిశోధనలో ప్రజా భాగస్వామ్యం ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను ఈ పావలా సంగతే చెబుతాను.

ఎన్‌ఐహెచ్‌ఆర్ గొడుగు కింద ఉన్న జేమ్స్ లిండ్ అలయన్స్‌ను ప్రత్యేకంగా ప్రస్తావించాలి, ఎందుకంటే ఈ సేవలన్నిటిలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది దాని మీద. 1747లో నావికులకు వచ్చే స్కర్వీ వ్యాధికి వేర్వేరు చికిత్సలను పక్కపక్కన పెట్టి పోల్చి చూసిన ఓడ వైద్యుడు జేమ్స్ లిండ్ పేరుతో దీన్ని 2004లో స్థాపించారు. ఇది చేసే పని ఒక్కటే: ఫలానా జబ్బులో ఇంకా జవాబు దొరకని ప్రశ్నలేమిటో రోగులనూ, వారిని చూసుకునేవారినీ, వైద్యం చేసేవారినీ అడిగి, వాటిలో ముందుగా పరిశోధించవలసిన పది ప్రశ్నలను వారి చేతనే ఎంపిక చేయించడం. వచ్చిన ప్రశ్నలకు ఇప్పటికే జవాబుందేమో గ్రంథాలన్నీ వెతికి చూసి, లేనివాటినే ముందుకు తీసుకువెళతారు. చివరి సమావేశంలో రోగులూ వైద్యులూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, తటస్థుడైన ఒక నిర్వాహకుడి సమక్షంలో వరుస తేలుస్తారు. మందుల కంపెనీలకు అక్కడ ఓటు లేదు, వైద్యం చేయకుండా పరిశోధన మాత్రమే చేసేవారికీ లేదు. ఈ నియమం ఎంత అవసరమో అలాంటి ఒక తుది సమావేశానికి వెళ్ళినప్పుడు నాకు అర్థమైంది: మా బల్ల మీద పరచిన ప్రశ్నల చీట్లలో కొత్త మందు గురించి ఉన్నవి కొన్నే, తక్కినవన్నీ నిద్ర, భయం, ఉద్యోగం, పిల్లల్ని కనవచ్చా లేదా అన్న ఆందోళన గురించి.

మధుమేహం ఉదాహరణ మనకు మరీ దగ్గరిది. టైప్ 2 మధుమేహం మీద డయాబెటిస్ యూకే సంస్థతో కలిసి జరిపిన ఈ కసరత్తులో రెండున్నర వేల మందికి పైగా ప్రజలు ఎనిమిది వేలకు పైగా ప్రశ్నలు పంపారు. 2017లో తేలిన పదింటిలో మొదటిది, ఈ జబ్బును పూర్తిగా వెనక్కి మళ్ళించవచ్చా, మళ్ళించగలిగితే ఏ దశ దాటాక కుదరదు అన్నది. మన ఇళ్ళల్లో చక్కెర ఉన్నవాళ్ళెవరిని అడిగినా మొదట అడిగేది ఇదే. అదే ఏడాది చివర డైరెక్ట్ అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి; కొన్ని నెలల పాటు రోజుకు సుమారు 850 క్యాలరీల ఆహారంతో బరువు తగ్గించినవారిలో 46 శాతం మంది ఏడాది తరువాత మందులు లేకుండానే మధుమేహ స్థాయి కిందికి వచ్చారు. ఆ ఫలితం నిజంగా సంతోషించదగినదే. కానీ అందులో పాల్గొన్నవారు దాదాపు అందరూ శ్వేతజాతీయులే. బరువు తక్కువ ఉన్నప్పుడే, చిన్న వయసులోనే ఈ జబ్బు మనవాళ్ళను పట్టుకుంటుందనీ, అందుకే ఇక్కడి మార్గదర్శకాలు దక్షిణాసియా ప్రజలకు ప్రమాద సూచికగా ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ) 23నే తీసుకుంటాయనీ తెలిసినవారికి, ఆ ఫలితం మనకెంత వర్తిస్తుందన్న ప్రశ్న వెంటనే వస్తుంది. దక్షిణాసియా మూలాలున్నవారితో స్కాట్లాండులో ఒక చిన్న అధ్యయనం విడిగా చేయవలసి వచ్చింది. ప్రశ్నలు ఎంచే గదిలో మనం లేకపోతే, జవాబులు వెతికే చోట కూడా మనం ఆలస్యంగానే చేరతాం.

ఇప్పుడు నొప్పి కలిగించిన సంగతి. నేను చేరిన రెండో బృందం ఒక విశ్వవిద్యాలయానిది, పేరు అనవసరం. నిధుల దరఖాస్తు గడువుకు తొమ్మిది రోజుల ముందు మమ్మల్ని పిలిచారు. నలభై పేజీల పత్రం ముందురోజు రాత్రి ఈమెయిల్‌లో వచ్చింది. అధ్యయనం ఏమిటో, ఎవరి మీదో, ఎన్నాళ్ళో, ఏమి కొలవాలో అంతా తేలిపోయి ఉంది. మేము ఏదైనా అంటే ‘అది చాలా మంచి మాట, తరువాతి దశలో చూద్దాం’ అన్నారు. పరిశోధనలో పాల్గొనేవారు రోజుకు రెండుసార్లు ఫోనులో నమోదు చేయవలసిన వివరాలు మరీ ఎక్కువని, చేతివేళ్ళు వంకరపోయినవారికి ఆ చిన్న గడులు నొక్కడం సాధ్యం కాదని ముగ్గురం చెప్పాం. ఒక్క అక్షరం మారలేదు. దరఖాస్తులో మాత్రం ‘రోగుల బృందంతో సంప్రదించి రూపొందించాం’ అన్న వాక్యం చేరింది. ఆ తరువాత వారి నుంచి ఏ కబురూ లేదు. నిధులు వచ్చాయో లేదో కూడా తెలియదు. గంటకు ఇవ్వవలసిన సొమ్ము సక్రమంగానే ఇచ్చారు, టీ బిస్కెట్లు పెట్టారు, ఎవరూ అమర్యాదగా మాట్లాడలేదు. అయినా ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. నా జబ్బును, నా మాటను వారు వాడుకున్నది ఒక సంతకం కోసమే అన్న భావన కడుపులో అలాగే ఉండిపోయింది.

మొదటి బృందానికీ రెండోదానికీ మధ్య తేడా మనుషుల మంచితనంలో లేదు. పిలిచిన రోజులో ఉంది. 2019లో వెలువడిన ప్రజా భాగస్వామ్య ప్రమాణాలు ఆరింటిలో అందరికీ అవకాశం, కలిసి పనిచేయడం, ఆసరా, ప్రభావం వంటివన్నీ చక్కగా రాసి ఉన్నాయి. కానీ ప్రశ్న రాయకముందే పిలిస్తే ఆ ఆరూ వాటంతట అవే వస్తాయి, రాశాక పిలిస్తే ఎన్ని ప్రమాణాలున్నా పత్రాల్లోనే మిగిలిపోతాయి. ఇది నా ఆరేళ్ళ అనుభవం నేర్పిన విషయం. తొలిదశలో రోగులను కలుసుకోవడానికి పరిశోధకుడికి డబ్బు కావాలి. పెద్ద నిధులు రావడానికి ముందే ఆ ఖర్చు పెట్టాలి. ఆ చిన్న మొత్తాన్ని తొందరగా, సులువుగా ఇచ్చే ఏర్పాటు ఎక్కడ బలంగా ఉందో అక్కడ రోగుల మాటకు చెల్లుబాటు ఉండడం గమనించాను.

ఈ సేవలో మొత్తంగా కనిపించే మరో లోపం, గదిలో ఎవరున్నారన్నది. సమావేశాలు ఎక్కువగా వారం మధ్యలో పగటిపూట పెడతారు. పత్రాలు ఇంగ్లీషులో ఉంటాయి. దుకాణంలో షిఫ్టు చేసేవారు, టాక్సీ నడిపేవారు, మనవలను చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన అమ్మమ్మలు, నాయనమ్మలు అక్కడికి ఎలా వస్తారు? నేను వెళ్ళిన సమావేశాల్లో ఎక్కువసార్లు తెల్లవారు కానిదాన్ని నేనొక్కదాన్నే. అప్పుడు నా మాట నా మాటగా కాక ఒక జాతి మొత్తం మాటగా వినడం మొదలుపెడతారు. ఆ బరువు మోయడం నాకు ఇష్టం లేదు, న్యాయమూ కాదు. మూడో బృందం ఈ విషయంలో మెరుగ్గా ఆలోచించింది. వాళ్ళు మమ్మల్ని తమ భవనానికి పిలవడం మాని, ఆదివారం గుడి వెనుక హాలుకు తామే వచ్చారు, చెప్పులు విప్పి కింద జంపఖానా మీద కూర్చున్నారు. రెండు గంటల్లో పద్దెనిమిది మంది మాట్లాడారు.

తెనాలిలో ఉన్న మా అన్నయ్యకు ఫోనులో ఇదంతా చెబితే, ‘మరి మన దగ్గర ఇలాంటిది ఉందా అమ్మాయ్’ అని అడిగాడు. నిజాయతీగా చెప్పాలంటే ఇంత అల్లుకున్న వ్యవస్థ కాదు కానీ, పట్టుకోవడానికి కొన్ని కొసలున్నాయి. భారతదేశంలో 2019లో వచ్చిన ‘కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నిబంధనల’ ప్రకారం, మనుషుల మీద జరిపే మందుల పరీక్షలను ఆమోదించే నైతిక సంఘంలో కనీసం ఏడుగురు సభ్యులుండాలి, వారిలో ఒక సామాన్య వ్యక్తి తప్పక ఉండాలి. ఆ కుర్చీలో కూర్చున్నవారు ఎంత గట్టిగా అడిగితే అంత మంచిది. 2007లో మొదలైన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దేశంలో నమోదైన పరీక్షలను ఎవరైనా ఉచితంగా వెతికి చూడవచ్చు; 2009 జూన్ నుంచి మందుల పరీక్షలకు ఆ నమోదు తప్పనిసరి అయింది. అయితే ఆమోదించే దశలో అడగడం వేరు, ఆలోచించే దశలో ఉండడం వేరు.

ఆ తేడా ఎంత ఖరీదైనదో ఖమ్మం జిల్లాకు తెలుసు. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఆ జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ వయసున్న వేలాది బాలికలకు, వారిలో ఎందరో గిరిజన బాలికలకు, ఒక పరిశోధన ప్రాజెక్టు కింద గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణకు హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు బాలికల మరణాల తరువాత ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టును నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం అభిప్రాయపడింది. కానీ చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లూ ప్రధానోపాధ్యాయులూ సమ్మతి పత్రాలపై సంతకాలు చేసిన తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, ఇవాళ ఎన్నో దేశాల్లో బాలికలను కాపాడుతున్నది. మంచి టీకా మీద కూడా ఆ ప్రాంతంలో అపనమ్మకం పడడానికి కారణం, ఆ తల్లులను ఎవరూ మొదట్లో పిలిచి కూర్చోబెట్టి అడగకపోవడమే అని నేను నమ్ముతున్నాను. ఇంగ్లండు వ్యవస్థను పొగడడానికి దీన్ని ప్రస్తావించడం లేదు. ఇక్కడ నన్ను తొమ్మిది రోజుల ముందు పిలిచిన బృందం చేసిన తప్పూ స్వభావంలో అలాంటిదే. అక్కడ దాని ఫలితాన్ని అనుభవించింది పిల్లలు.

ఇక్కడ ఉన్న తెలుగువారికి, ముఖ్యంగా మధుమేహం, గుండె జబ్బు, కీళ్ళ జబ్బు ఉన్నవారికీ, వారిని చూసుకునేవారికీ ఈ సేవలో చేరమని గట్టిగా చెబుతాను. ఐదింటికి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి తగ్గించింది, పిలవవలసిన సమయాన్ని పరిశోధకుడి ఇష్టానికి వదిలినందుకు. ఇంగ్లీషు తడబడుతుందని ఆగవద్దు. ముందే అడిగితే చాలాచోట్ల దుబాసీని ఏర్పాటు చేస్తారు. చదవడానికి కనీసం వారం గడువు అడగండి. మీ సలహాల్లో దేన్ని తీసుకున్నారో, దేన్ని ఎందుకు తీసుకోలేదో రాతపూర్వకంగా చెబుతారా అని మొదటి ఫోనులోనే అడగండి. ఆ మాటకు తడుముకునే బృందంతో మీ సమయం వృథా చేసుకోనక్కరలేదు.

నేను మాత్రం ఇప్పుడు మొదట అడిగేది ఇంకొకటి. పోయిన నెల ఒక పరిశోధకురాలు ఫోను చేసి, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్న ఆడవాళ్ళకు నెలసరి ఆగే వయసులో ఏమవుతుందన్న విషయం మీద ఏదైనా చేయాలని ఉంది, మీరు వస్తారా అని అడిగింది. ప్రశ్న రాశారా అని అడిగాను. కాసేపు ఆగి, ‘ఇంకా లేదండీ, ఏమి అడగాలో తెలియకే మీకు ఫోను చేశాను’ అంది. వచ్చే గురువారం పదకొండు గంటలకు కలుస్తున్నాం.